తోడు

చెంగల్రాయులు తెచ్చిన డబ్బా మీద
పేరు రాద్దామని పెన్ను తీస్తే
"వయసు నలభై అని రాయి మేడమ్,
కడుపుకి మాత్రం డెబ్బై" అన్నాడు.
నవ్వినప్పుడు చూశాను,
చిగుళ్ల అంచున సన్నటి నీలి గీత,
కాటుక పెట్టబోయి నోట్లో దిద్దినట్టు.

కట్టమంచి దాటినాక
పాత టైర్ల అంగడి వెనక రేకుల షెడ్డు.
చచ్చిన బ్యాటరీలు లారీల్లో వస్తాయి,
ఆటోలవీ, ఇన్వర్టర్లవీ,
మామిడి గుజ్జు ఫ్యాక్టరీ జనరేటర్లవీ.
సుత్తితో పగలగొట్టి, ఆసిడ్డు పల్లంలోకి వొంచి,
పలకలు పీకి బానలో కరిగిస్తాడు.
పదకొండేళ్లు.
"మొదట్లో బానే ఉండె మేడమ్.
పొగ నాలిక మీద తియ్యగా తగిలేది.
తియ్యగా ఉండేది యాడన్నా చంపతాదా?"

ఆరు నెలలుగా సంగటి ముద్ద దిగదు.
దిగితే కదలదు.
రాత్రి రెండు గంటలకి
ఎవరో తడిగుడ్డ పిండినట్టు పేగుల్ని పిండుతుంటే
గోడకి కాళ్లు తన్నిపెట్టి పడుకుంటాడట.

నా పని అద్దంపలక మీద ఒక్క చుక్క.
రంగు వేస్తే
ఊదాగా కొన్ని, ఎర్రగా కొన్ని,
కంటికి ఆనని జనం.
సద్దికుండలో రాత్రంతా మేలుకొని
అన్నాన్ని పులియబెట్టే వాళ్ల చుట్టాలే.
తల్లిపాలతో కొందరు,
నేల మీద పాకిన మోకాళ్లతో కొందరు,
ఎవరో కొరికిచ్చిన జామకాయతో ఇంకొందరు
లోపలికొచ్చి కాపురం పెట్టారు.
నలభై ఏళ్లుగా పేగు గోడ
అలికేదీ వాళ్లే, కాపలా కాసేదీ వాళ్లే.

సీసం వచ్చిన రోజు
ముందు ఎదురెళ్లింది కూడా వాళ్లే.
కొందరు దాన్ని వొంటికి హత్తుకుని
మలంతో పాటు వెళ్లిపోయారు.
డప్పు లేదు, పెద్దకర్మ లేదు.
విషాన్ని గడప బయటికి నెట్టడం నేర్చిన మొండివాళ్లు
ఖాళీ పడ్డ ఇళ్లన్నీ ఆక్రమించుకున్నారు.
అలికేవాళ్లు లేక గోడ పలచబడింది.

ఇదంతా నా మైక్రోస్కోపులో కనపడదు.
పుస్తకాల్లో చదివింది.
నా రిపోర్టులో ఉన్నది మూడే మాటలు:
రక్తం లేదు. పురుగుల్లేవు. సాధారణం.

సాధారణం అని రాసి సంతకం పెట్టాను.
మధ్యాహ్నం అన్నం తినలేకపోయాను.

వేలూరికి పంపిన రక్తం అంకె
తొమ్మిదో రోజు వచ్చింది.
తీసుకోడానికి దేశమ్మ వచ్చింది, చంకలో పిల్లతో.
డాక్టరు ఇంకా రాలేదు.
ఎలా చెప్పాలో తెలియక
పాలూ పెరుగూ అంటూ మొదలుపెట్టాను.
ఆమె మధ్యలోనే అందుకుంది:
"అంటే ఆయన లోపల తోడు చచ్చిపోయిందన్నమాట."

పదహారేళ్ల ఉద్యోగంలో
ఇంత చిన్న మాట నాకు తట్టలేదు.

"మళ్లా తోడేస్తే పేరుకుంటాదా మేడమ్?
రోజూ చెంబుడు మజ్జిగ తాపిస్తా.
మా అత్త ఇంట్లో మంచి తోడుండాది."

"మజ్జిగ తాగనీ. కానీ ముందు షెడ్డు మానాల."

ఆమె నీవా నది వైపున్న కిటికీలోంచి చూసింది.
నది ఎప్పట్లాగే ఎండి ఉంది.
"షెడ్డు మానితే
తోడేసేదానికి పాలు యాడివి?"

జవాబు నా దగ్గర లేదు.
లేబుళ్ల కట్ట అటూ ఇటూ సర్దాను.
అప్పుడు కనపడింది,
పిల్లను చుట్టి తెచ్చిన గుడ్డ.
గళ్ల లుంగీ, సగానికి చింపింది.
ఉతికినా పోని బూడిదరంగు మడతల్లో.
పిల్ల దాని కొసని
చెరుకు ముక్కలా చీకుతోంది,
ఎంతో ఇష్టంగా.

"తియ్యగుందేమో" అని నవ్వబోయి
దేశమ్మ ఆగిపోయింది.

ఇద్దరం ఒకేసారి చెయ్యి చాచి
ఆ కొసని నోట్లోంచి లాగాం.
పిల్ల గుక్కపట్టింది.

నేను కొత్త లేబుల్ తీశాను.
వయసు అన్న గడిలో అచ్చేసి ఉన్న
'ఏళ్లు' కొట్టేసి
'పదకొండు నెలలు' అని రాశాను.